ఉక్కుకి వెండి రంగు వేయకండి

మినియేచర్ వార్‌గేమింగ్, అంటే చిన్న చిన్న సైనికుల బొమ్మలకి రంగులు వేసి బల్ల మీద యుద్ధం ఆడే ఆట, దాని అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? సరే. మాట మొదలుపెట్టే ముందు, ఈ రెండు బొమ్మల్నీ అలా చేతులు మారుస్తూ చివరి వరస దాకా పంపండి. కింద బేస్ దగ్గర పట్టుకోండి, బల్లెం మాత్రం పట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను. రెండూ ఒకే అచ్చులో పోసినవే. అదే గుర్రం, అదే రౌతు, అదే కవచం. మొదటిదానికి సీసాలో ఉన్న సిల్వర్ తీసి కవచం మీద నేరుగా పూసేశాను. రెండోదానికి నలుపుతో మొదలుపెట్టి ఒక్కో పొరా వెలుగులోకి తెచ్చుకుంటూ వచ్చాను. చేతిలో పట్టుకుని చూస్తే చాలామంది మొదటిదే బావుందంటారు, తళతళలాడుతుంది మరి. ఇప్పుడు రెంటినీ ఆ టేబుల్ మీద పెట్టి మూడడుగులు వెనక్కి జరగండి. ఏది కవచం తొడిగిన మనిషిలా ఉంది? ఏది చాక్లెట్ రేకు ఉండలా ఉంది?

మూడడుగులు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మూడడుగుల గురించే. మన బొమ్మ అద్దాల బీరువాలో కూర్చోవడానికి కాదు, బల్ల మీద ఆడడానికి. ఆడేవాళ్ళు నిలబడి ఉంటారు, బొమ్మ కింద ఉంటుంది, రౌతు ఎత్తు చూస్తే 28 మిల్లీమీటర్లు. అంత దూరం నుంచి కన్నుకి ఏం తెలుస్తుంది? కనుగుడ్డు తెలియదు. వేళ్ళ మధ్య సందు తెలియదు. వెలుగు ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, పెద్ద పెద్ద రంగులు ఎక్కడున్నాయి, ఇంతే తెలుస్తుంది. ఒళ్ళంతా ఉక్కే ఉన్న మనిషికి ఒకటే వెండి రంగు పూస్తే వెలుగూ లేదు, నీడా లేదు. అదీ గొడవ.

రినైసాన్స్ కాలం భారీ అశ్వికదళం అంటే ఒక రకం కాదు. పోలండ్ రెక్కల హుస్సార్లున్నారు, జర్మన్ నల్లకవచాల రైటర్లున్నారు, ఇంగ్లిష్ అంతర్యుద్ధంలో హాసెల్‌రిగ్ గారి దళం ఉంది, నిలువెల్లా రేకులు తొడుక్కుంటే జనం లాబ్‌స్టర్లు అని పేరు పెట్టారు. అందరి గురించీ చెప్పాలంటే రేపు పొద్దున దాకా కూర్చోవాలి. నేను ఒక్కళ్ళనే తీసుకుంటాను. ఫ్రెంచి జాండార్ములు. ఇటలీ యుద్ధాల కాలం, 1494 నుంచి 1559 దాకా. ఎందుకు వాళ్ళే? ఎందుకంటే రంగులు వేసేవాడికి వాళ్ళంత పండగ ఇంకెవరి దగ్గరా దొరకదు కాబట్టి.

వీళ్ళెవరో కాస్త తెలియాలి, లేకపోతే ఏ రంగు ఎందుకు వేస్తున్నామో తెలియదు. 1445లో ఏడో ఛార్లెస్ రాజు జీతం ఇచ్చి పోషించే శాశ్వత దళాలు పెట్టాడు. మొదట పదిహేను కంపెనీలు, కంపెనీకి వంద లాన్సులు. లాన్సు అంటే ఒక్క మనిషి అనుకునేరు, కాదు. ఆరుగురు. నిండు కవచంతో జాండార్ము, అతనికి తోడుగా తేలిక కవచంలో ఒకడు, ఇద్దరు ఆర్చర్లు, దొరకి సేవ చేసే ఒక కుర్రాడు, ఒక నౌకరు. అందరూ గుర్రాల మీదే. మన బల్ల మీద కనిపించేది ఆ ముందున్న ఒక్కడే. అతను పుట్టుకతో దొర. జీతం రాజుది, గుర్రమూ కవచమూ సొంతానివి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

వీళ్ళ చరిత్ర అంతా గెలుపూ కాదు, అంతా ఓటమీ కాదు. 1513లో గినెగేట్ దగ్గర ఇంగ్లిష్ సైన్యాన్ని చూసి వెనుదిరిగి పారిపోయారు. మడమలకి కట్టుకున్న ముళ్ళతో గుర్రాలని పొడుస్తూ పరిగెత్తారని ఆ యుద్ధానికి ముళ్ళ యుద్ధం అని ఎగతాళి పేరు. రెండేళ్ళకి, 1515 సెప్టెంబర్‌లో, మారిన్యానో దగ్గర స్విస్ ఈటెల దళాల మీద రెండు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ విరుచుకుపడ్డారు. ఆ యుద్ధం అయ్యాక మొదటి ఫ్రాన్సిస్ రాజు, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. ఇకమీదట జాండార్ములని కవచం తొడిగిన కుందేళ్ళని ఎవరూ అనలేరు అని. పదేళ్ళు తిరిగేసరికి 1525 ఫిబ్రవరి 24న పావియా దగ్గర ఐదో ఛార్లెస్ చక్రవర్తి సైన్యం మీదికి అదే రాజు, అదే జాండార్ములతో దూకాడు. దూకి, తన ఫిరంగులకి తానే అడ్డం వచ్చాడు. తుపాకీల వాళ్ళు చెట్ల చాటునుంచి కొట్టారు. పెద్ద పెద్ద సేనానులే పోయారు: లా పాలిస్ పోయాడు, లా ట్రెమోయ్ పోయాడు, బోనివే పోయాడు. రాజు పట్టుబడ్డాడు. అంత గర్వం, అంత ఖరీదు, అంత అట్టహాసం. మనం వేసే రంగులో అది కనిపించాలా వద్దా?

సరే, రంగుల్లోకి వద్దాం. అన్నిటికన్నా ముందు చాలామంది అడిగే ప్రశ్న: వీళ్ళకి యూనిఫాం ఏమిటి? యూనిఫాం లేదు. ఇందాక చెప్పాను కదా, గుర్రమూ కవచమూ సొంతానివని. పన్నెండు మంది జాండార్ములకి పన్నెండు ఒకేలాంటి నీలం గుర్రపు బట్టలు వేస్తే అది పరేడ్ బ్యాండ్ అవుతుంది, జాండార్ముల కంపెనీ అవదు. అలాగని ఇంద్రధనుస్సు చేసేస్తే దళంలా కనపడదు. మరి ఎలా? కెప్టెన్ గారి రంగులు రెండు తీసుకోండి, పసుపూ ఎరుపూ అనుకుందాం. జెండాకి అవి పూర్తిగా. ఆర్చర్ల కోటులకి అవి పూర్తిగా. జాండార్ములకి మాత్రం ఒకడికి తలమీద ఈకల్లో, ఒకడికి నడుం కింద కుచ్చెళ్ళ బట్టలో, ఇంకొకడికి బల్లెం చుట్టూ తిరిగే చారలో. మిగతాదంతా ఎవరిష్టం వాళ్ళది. ఇంకోటి, ఫ్రెంచి వాళ్ళ గుర్తు తెల్ల శిలువ. అది రొమ్ము మీదో గుర్రపు బట్ట మీదో ప్రతివాడికీ పెట్టండి. ఎదుటి చక్రవర్తి సైన్యానిది ఎర్ర శిలువ. మూడడుగుల దూరం నుంచి ఎవరు ఎవరో ఆ తెలుపూ ఎరుపే చెప్పేస్తాయి.

రంగులు ఎక్కడ చూసి వేయాలి అంటారా? పావియా యుద్ధం మీద నేసిన ఏడు పెద్ద తెరలు నేపుల్స్‌లో కపోదిమోంటే మ్యూజియంలో ఉన్నాయి. బెర్నార్డ్ వాన్ ఓర్లే గీసిచ్చిన నమూనాలతో బ్రసెల్స్‌లో నేసినవి, 1531లో ఐదో ఛార్లెస్ చక్రవర్తికి బహుమతి ఇచ్చారు. యుద్ధం అయిన కొద్ది ఏళ్ళకే నేసినవి. ఫోటోలు నెట్‌లో దొరుకుతాయి. గుర్రాల మీది అలంకారం, ఈకలు, బట్టల మడతలు, అన్నీ వాటిలో ఉన్నాయి. ఇవాళ ఇంటికెళ్ళాక ఒక గంట చూడండి. ఈ ప్రసంగం కన్నా ఎక్కువ నేర్చుకుంటారు, నిజంగా చెప్తున్నాను.

ఇప్పుడు ఉక్కు. ఆ కాలంలో కవచం రెండు రకాల పనితనంలో ఎక్కువ కనిపిస్తుంది. మిలాన్ పని నున్నగా, గుండ్రంగా ఉంటుంది. జర్మన్ పని, ముఖ్యంగా 1500 తర్వాతది, రేకు నిండా గీతలు గీతలుగా మడతలు తీర్చి ఉంటుంది, మాక్సిమిలియన్ కవచం అంటాం. మీ బొమ్మ ఏ రకమో ముందు చూసుకోండి, ఎందుకంటే పద్ధతి మారుతుంది. గీతల కవచం అయితే డ్రైబ్రష్ కోసమే పుట్టినట్టుంటుంది. ముదురు లోహపు రంగు వేసి, వాష్, అంటే సందుల్లోకి దిగే పల్చటి ముదురు రంగు, పోసి, ఆరాక బ్రష్‌లో రంగు దాదాపు తుడిచేసి గీతలకి అడ్డంగా రుద్దితే అయిపోయింది. నున్నటి మిలాన్ కవచం మీద అదే పని చేస్తే మరకలు మరకలుగా గరుకుగా వస్తుంది. దానికి ఓపిక కావాలి.

ఒక్క భుజం రేకు తీసుకుని చెప్తాను. బొమ్మ మొత్తం నల్ల ప్రైమర్, అంటే రంగులు పట్టడానికి అడుగున వేసే పూత. దాని మీద ముదురు గన్‌మెటల్, అంటే నల్లటి ఉక్కు రంగు, అందులో ఇంకాస్త నలుపు కలిపి, పల్చగా. రేకుకీ రేకుకీ మధ్య కీలు ఉంటుంది చూశారా, అక్కడ నలుపు అలాగే వదిలేయండి. ఆ నల్లగీతే మూడడుగుల నుంచి భుజాన్ని చేతినుంచి విడదీసి చూపిస్తుంది. తర్వాత మామూలు గన్‌మెటల్, భుజం పై సగానికే. కింద సగం ముదురుగా ఉండాలి. ఆ పైన కాస్త నీలం కలిపిన నల్లటి వాష్, రేకు అంతా కాదు, కింది అంచు వెంబడి మాత్రమే. ఆరనివ్వండి. అప్పుడు, అప్పుడు మాత్రమే, సిల్వర్ సీసా తెరవండి. భుజం మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నచోట ఒక చిన్న గీత, పై అంచున ఇంకో గీత. అంతే. శిరస్త్రాణం నడినెత్తిన, భుజాల మీద, మోకాలి చిప్ప మీద, గుర్రం నుదుటి పలక మీద. ఈ నాలుగు చోట్లే సిల్వర్. ఐదోచోట పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టకండి.

ఇంకొక్క పని ఉంది, ఇది చాలామంది చేయరు. మెరుగుపెట్టిన ఉక్కుకి సొంత రంగు తక్కువ, పక్కనున్న రంగు దాన్లో పడుతుంది. ఎర్ర మఖమల్ కుచ్చెళ్ళు వేసుకున్నవాడి తొడ మీది రేకులో ఆ ఎరుపు కనపడుతుంది. పొట్ట కిందికి వచ్చేసరికి నేల గోధుమరంగు కనపడుతుంది. కాబట్టి ఎరుపుని నీళ్ళలా పల్చగా చేసి తొడ రేకు కింది అంచుకి ఒక్కసారి తగిలించండి. గోధుమరంగు అలాగే మడమ దగ్గర. దగ్గరగా చూస్తే మరకలా అనిపిస్తుంది. దూరంగా జరిగితే ఉక్కు బతుకుతుంది. ఇందాక పంపిన రెండో బొమ్మ ఎవరి దగ్గరుంది? ఆ, మీ దగ్గరే. ఎడమ తొడ చూడండి. కనిపించిందా?

అన్ని కవచాలూ మెరిసేవి అనుకోకండి. కొన్నిటిని తుప్పు పట్టకుండా నల్లగా ఉంచేసేవారు, కొన్నిటిని కాల్చి నీలం తెప్పించేవారు, బాగా ఉన్నవాళ్ళు అంచులకి బంగారు పూత పోయించుకునేవారు. పన్నెండు మందిలో ఇద్దరు నల్లకవచం, ఒక్కడు నీలి ఉక్కు, కెప్టెన్‌కి బంగారు అంచు. అప్పుడు మిగతా వాళ్ళ ఉక్కు కూడా ఉక్కులా కనిపిస్తుంది.

చిన్న విషయం, కానీ చెప్పకపోతే తిట్టుకుంటారు. లోహపు రంగులకి నీళ్ళ గ్లాసు వేరు, బ్రష్ వేరు. అందులో ఉన్న మెరుపు పొడి నీళ్ళలో తేలి, తర్వాత వేసే గుర్రం పొట్ట మీద తళుకులు తళుకులుగా కూర్చుంటుంది. గుర్రానికి తళుకు ఏమిటండీ, సినిమా డాన్సరా అది?

గుర్రం అన్నాను కాబట్టి. బొమ్మలో సగానికి పైగా గుర్రమే. అయినా మనం రౌతు మీద వారం కూర్చుని గుర్రానికి పావుగంట ఇస్తాం. తిరగేయండి. నేను చేసే పద్ధతి పాతదే, ఎంతోమంది చేస్తారు, నాది కాదు. గుర్రానికి ముందు ఇటుకరంగో మట్టి పసుపో అక్రిలిక్ వేసి పూర్తిగా ఆరనిస్తాను. దాని మీద ఆయిల్ పెయింట్, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, ఒళ్ళంతా పులిమేస్తాను. మొహమాటం లేకుండా, గుర్రం బురదలో పడి లేచినట్టు. కాసేపు ఆగి, స్పాంజి ముక్కతో తుడుస్తాను. పిరుదు మీద, భుజం మీద, మెడ కండ మీద రంగు పోయి అడుగున ఉన్న ఇటుకరంగు బయటపడుతుంది, కండల సందుల్లో ముదురు నిలిచిపోతుంది. బ్రష్‌తో గంటల తరబడి చేసినా రాని నునుపు తుడుపుతో వస్తుంది. ఒక్కటే బాధ, ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది. పడనివ్వండి. ఈలోగా రౌతు పని చూసుకోండి. అందుకే రౌతునీ గుర్రాన్నీ విడివిడిగా వేసి చివర్లో అతికించమంటాను.

గోధుమరంగు గుర్రానికి జూలు, తోక, మోకాళ్ళ కింద నుంచి కాళ్ళు నల్లగా వేయండి. ఎర్రటి గుర్రం అయితే జూలూ తోకా ఒంటి రంగులోనే. ఇది కలిపేస్తే గుర్రాలు తెలిసినవాళ్ళు నవ్వుతారు. దళంలో తెల్లగుర్రాలు ఒకటో రెండో చాలు, అదీ బూరాగాడి కిందికి. ఫ్రెంచి గుర్రాల గురించి ఆ కాలపు రాతల్లో ఒక మాట ఉంది. 1494 డిసెంబర్ 31 రాత్రి ఎనిమిదో ఛార్లెస్ దివిటీల వెలుగులో రోమ్‌లోకి వచ్చినప్పుడు, వాళ్ళ గుర్రాలకి చెవులూ తోకలూ కత్తిరించి ఉంటే ఇటలీ వాళ్ళకి భయంకరంగా కనిపించాయట. చెవి కొన కత్తితో కాస్త కోయడం నిమిషం పని. మనసొప్పనివాళ్ళు వదిలేయండి. మరి ఆ ఛార్లెస్ రాజే 1495లో ఫోర్నోవో దగ్గర ఎక్కిన గుర్రం పేరు సవోయ్. నల్లది, ఒంటికన్నుది. ఆ యుద్ధంలో ఉన్న కొమీన్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు, అంత మంచి గుర్రాన్ని తన కాలంలో చూడలేదని. మీ సేనాపతి బొమ్మకి ఒక కన్ను తెల్లగా మూసేయండి. ఎందుకని అడిగినవాడికి అరగంట కథ చెప్పొచ్చు.

నల్లగుర్రం మీద నలుపు తప్ప ఏముందని వదిలేయకండి. నలుపు మీద ముదురు గోధుమరంగుతో కండలు తేల్చండి, బూడిదరంగుతో వద్దు. బూడిద వేస్తే గుర్రం దుమ్ము పట్టినట్టుంటుంది.

బల్లెం. ఇందాకే దణ్ణం పెట్టి మరీ చెప్పాను పట్టుకోవద్దని. లోహపు బొమ్మలతో వచ్చే బల్లెం మెత్తగా ఉండి వంగుతుంది, రెండోసారి వంగితే విరుగుతుంది. తీసేసి స్టీలు తీగ పెట్టుకోండి, చివర సుత్తితో కొట్టి ఆకులా చదును చేయండి. లేదంటే మన ఇంట్లో ఉన్నదే, కొబ్బరి చీపురు పుల్ల. నవ్వకండి. ఒక పక్క లావు, ఇంకో పక్కకి సన్నబడుతుంది, జాండార్ము బల్లెం ఆకారం కూడా అదే. తేలిక, గట్టి. చేతి దగ్గర గుండ్రటి రేకు అడ్డం పెడితే సరిపోయింది. దాన్ని ఒట్టి కర్ర రంగులో వదిలేయకండి. ఫోర్నోవో యుద్ధం ముగిశాక నేలంతా పడి ఉన్న ఇటలీ వాళ్ళ బల్లేల గురించి అదే కొమీన్ రాశాడు, లోపల బోలుగా, తేలిగ్గా, కానీ చక్కగా రంగులేసి ఉన్నాయని. చుట్టూ తిరిగే చార ఒకటి వేయండి. ముందు లేత రంగు మొత్తం వేసి, దాని మీద ముదురు చార తిప్పండి. బ్రష్ తిప్పొద్దు, పుల్ల తిప్పండి.

ఇంకో శుభవార్త. వీళ్ళలో చాలామందికి శిరస్త్రాణం మూసి ఉంటుంది. ముఖం వేయక్కర్లేదు. కళ్ళ సందులో ఒక నల్లగీత, అంతే. కళ్ళు వేయడానికి భయపడి ఈ సరదా మానేసినవాళ్ళు ఇక్కడ ఉంటే, మీ కోసమే పుట్టారు జాండార్ములు.

మన ఊళ్ళ సంగతి కొంచెం. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ జోలికి పోకండి. గాలిలో తేమ ఎక్కువైతే బొమ్మ మీద పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. విజయవాడలో, వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. ఆ రోజుల్లో బ్రష్‌తో వేసే ప్రైమరే నయం. వార్నిష్ స్ప్రేకి కూడా ఇదే మాట, ఇంకా గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే అప్పటికి పనంతా అయిపోయి ఉంటుంది. మే నెలలో దీనికి వ్యతిరేకం. ఫ్యాన్ కింద కూర్చుంటే అక్రిలిక్ బ్రష్ మీదే ఎండిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం, దాని మీద రంగు. రెండు రోజులైనా ఆరదు. ఇక పాత సీసపు బొమ్మలు ఎవరి దగ్గరైనా ఉంటే, గీకిన పొడి ఊదకండి, తడిగుడ్డతో తీయండి, చేతులు కడుక్కున్నాకే అన్నం ముందు కూర్చోండి.

వార్నిష్ దగ్గర ఒక కిటుకు. మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేనిది, కొడితే బట్టలు బావుంటాయి, ఉక్కు చచ్చిపోతుంది. అందుకని మొత్తం మ్యాట్ కొట్టి, ఆరాక ఉక్కు మీద మాత్రం కాస్త మెరుపు ఉండే శాటిన్ వార్నిష్ బ్రష్‌తో వేయండి, ఇందాక చెప్పిన నాలుగు చోట్లా సిల్వర్ మళ్ళీ ఒకసారి తాకించండి.

బేస్ విషయంలో మీ యుద్ధం ఏదో ముందే తేల్చుకోండి. పావియా అయితే ఫిబ్రవరి, తెల్లవారుజాము, వేటతోట. పచ్చటి వసంతకాలపు గడ్డి అంటించకండి. ఎండిన గడ్డి, తడి మట్టి, గుర్రాల మోకాళ్ళ దాకా బురద చుక్కలు. మారిన్యానో అయితే సెప్టెంబర్, దుమ్ము. గుర్రపు బట్టల కింది అంచులకి లేత మట్టిరంగు డ్రైబ్రష్ చేయండి. అంత ఖరీదైన మఖమల్‌కి దుమ్ము పట్టించడానికి చెయ్యి రాదు, తెలుసు. అయినా పట్టించండి.

నా దగ్గరున్నది ఇంతే. ప్రశ్నలడగండి.

స్టేషనరీ షాపు అక్రిలిక్‌లతో వేయొచ్చా అంటున్నారు. గుర్రపు బట్టలకి, బేస్‌కి హాయిగా వేయొచ్చు, నీళ్ళు కలిపి రెండు పొరలు వేయండి. ఉక్కుకి మాత్రం మోడల్ పెయింటే కొనండి. మామూలు సిల్వర్‌లో పొడి గరుకుగా ఉంటుంది, 28 మిల్లీమీటర్ల మీద అది ఇసక చల్లినట్టు కనపడుతుంది. రెండు సీసాలు కొంటే పెద్ద దళానికి కూడా సరిపోతాయి.

ఆ, వెనక నుంచి. మనవాళ్ళ సంగతేమిటి, అదే కాలంలో విజయనగరం రౌతులు? మంచి ప్రశ్న, ఎవరైనా అడిగితే బావుండునని చూస్తున్నాను. మారిన్యానో 1515, పావియా 1525, సరిగ్గా మధ్యలో 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచాడు. ఆ రోజుల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు మనిషి డొమింగో పాయెస్ రాయలవారి రౌతులని వర్ణించాడు. గుర్రాలకి నిండా అలంకారపు బట్టలు, నుదుట పలకలు, కొన్ని వెండివి, ఎక్కువ బంగారు పూతవి, వాటికి రంగురంగుల పట్టు పేనిన కుచ్చులు, పగ్గాలు కూడా అలాంటివే. మనుషులకి ఒంటిమీద పొరలు పొరలుగా తోలు అంగీలు, వాటికి ఇనుప రేకులు. అంటే ఉక్కు తక్కువ, బట్టా తోలూ బంగారమూ ఎక్కువ. పద్ధతి అదే, కొలతలు తిరగబడతాయి. బొమ్మలకి మొఘల్ రౌతుల సెట్లు తీసుకుని తలలు మార్చుకోవచ్చు. నుదుటి పలకకి బంగారం వేసేటప్పుడు అడుగున ఎర్రమట్టి రంగు వేయండి, నలుపు వేస్తే బంగారం ఆకుపచ్చగా తేలుతుంది. కుచ్చులు పచ్చీసులో కాయల్లా నాలుగు రంగులూ కలపకండి, గుర్రానికి రెండు రంగులు చాలు. నా దగ్గర ఒకటి సగం అయి ఉంది, పెట్టెలో కింది అరలో. చూడాలనుకునేవాళ్ళు టీ తాగి ఇటు రండి.